అమ్మకూ నాన్నకూ మధ్య వైరు పీకేశాను

బాగా నడుస్తున్న ఒక సంసారాన్ని మూలన పడెయ్యడానికి ఎంతమంది కావాలి? మీరు అత్తలనూ ఆడపడుచులనూ పక్కింటివాళ్లనూ లెక్కవేస్తూ ఉంటే ఆపెయ్యండి. ఒక్కడు చాలు. వాడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండాలి, చేతిలో స్క్రూడ్రైవర్ ఉండాలి, లోకం మొత్తం తనకు అర్థమైపోయిందన్న నమ్మకం ఉండాలి. స్క్రూడ్రైవర్ లేకపోయినా ఫరవాలేదు. నా దగ్గర లేదు. అయినా పని పూర్తిచేశాను.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఏమిటన్నది టీవీ చెబితే తప్ప తెలియదు. మేం దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఒక మేడ మీద కిరాయికి ఉండేవాళ్లం. నాన్నది నల్లగొండ దగ్గర పల్లె. ఎల్‌బీ నగర్‌లో ఒక పార్సిల్ ఆఫీసులో బుకింగ్ క్లర్కు. అమ్మది తెనాలి. ఒక బళ్లో లెక్కల టీచరు. పెళ్లికి ముందు అమ్మ పుట్టింటికి పార్సిళ్లు పంపడానికి ఆ ఆఫీసుకు వచ్చేదట. వచ్చిన ప్రతిసారీ నాన్న, మూట సరిగా కట్టలేదని విప్పించి మళ్లీ కట్టించేవాడట. ఇంతకీ ఆ మూటల్లో ఏముండేదని అడిగితే ఇద్దరూ ఇప్పటికీ మాట మారుస్తారు.

"అమ్మది ఆంధ్రా, నాన్నది తెలంగాణా! మీ ఇంట్లో రోజూ యుద్ధమేనా?" అని కాలేజీలో స్నేహితులు జాలిగా అడిగేవారు. యుద్ధమే, కానీ దానికోసం కాదు. రాష్ట్రం సంగతి టీవీలో అరుచుకునేవాళ్లు చూసుకునేవారు. మా ఇంట్లో అంతకంటే జటిలమైన సమస్య ఉంది: సీలింగ్ ఫ్యాన్. నాన్నకు అది ఐదు మీద తిరగాలి. అమ్మకు రెండు మీద తిరగాలి. పోనీ అని మధ్యలో మూడు మీద పెడితే ఇద్దరికీ కోపం వస్తుంది.

కోపం వచ్చాక మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఇద్దరూ నేరుగా మాట్లాడుకోరు. నా ద్వారా మాట్లాడుకుంటారు.

"అరే వాసూ, మీ అమ్మకు చెప్పు. గీ చారు తాగుడు కన్న నల్లా కింద నోరు పెట్టుడు నయమని చెప్పు."

నేను లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, "అమ్మా, చారు కొంచెం పల్చగా ఉందంటున్నాడు" అనేవాణ్ణి.

"మీ నాన్నకు చెప్పు, నోట్లో నాలుక ఉన్నవాళ్లకు వండడం నాకు వచ్చు, రంపం ఉన్నవాళ్లకు రాదని."

వెనక్కి వచ్చి, "రేపు చిక్కగ చేస్తదంట నాన్నా" అనేవాణ్ణి. గమనించారా, దారిలో యాస కూడా మార్చేవాణ్ణి. జీతం లేదు.

వంటింటికీ హాలుకూ మధ్య ఉన్నది ఒక పాత కర్టెన్. దాంట్లోంచి మాట వినపడదా అని మీరు అడగొచ్చు. బ్రహ్మాండంగా వినపడుతుంది. కానీ నేను వెళ్లి చెప్పేదాకా వాళ్లిద్దరికీ విన్నట్టు లెక్క కాదు. నేను చెప్పిందే అధికారిక ప్రకటన. దానికే జవాబు.

ఇక మా నాయనమ్మ. ఆవిడ మోకాలికి ఒక జబ్బుంది. కొట్లాట చారు, ఫ్యాను స్థాయిలో ఉన్నంతసేపూ ఆ మోకాలు ఆరోగ్యంగా ఉండేది. మాట "మీ వాళ్లు", "మావోళ్లు" దాకా వచ్చిందా, గోడవారన చాప మీంచి "అయ్యో, నా మోకాలు!" అని కేక వినపడేది. వెంటనే నాన్న నూనె సీసా తెచ్చేవాడు, అమ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టేది. ఒకరు రాస్తూ, ఒకరు కాపడం పెడుతూ, "వద్దంటె ఇంటది కాదు", "మెట్లు దిగొద్దన్నానా అత్తయ్యా" అని ఇద్దరూ కలిసి ఆవిణ్ణి తిట్టేవారు. ఆ హడావిడిలో అసలు కొట్లాట ఎక్కడ ఆగిందో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇలా హాయిగా నడిచిపోతున్న ఇంట్లో నేను కంట్రోల్ సిస్టమ్స్ చదివాను.

"సిగ్నల్ మధ్యలో ఎన్ని చేతులు మారితే అంత పాడవుతుంది," అన్నారు మా సారు ఒకరోజు. "గోల ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. ఆ భాగాన్ని తీసేయండి." పాపం ఆయన చెప్పింది మోటార్ల గురించి. నాకు మాత్రం ఆ బోర్డు మీద మా ఇల్లు కనపడింది. ఈ డబ్బా అమ్మ. ఆ డబ్బా నాన్న. మధ్యలో అనవసరంగా వేలాడుతున్న వైరు నేను. పక్కనుంచి ఎప్పుడు పడితే అప్పుడు కేకలు పెట్టి మొత్తం వ్యవస్థను కుదిపేస్తున్న భాగం నాయనమ్మ. ఇరవై ఏళ్లుగా ఎవరికీ తట్టని లోపం నాకు ఒక్క పీరియడ్లో దొరికిపోయింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో సమోసా తింటూ నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో చెబితే మీరు ఇక్కడితో చదవడం ఆపేస్తారు.

మొదట గోల చేసే భాగాన్ని తీశాను. బడంగ్‌పేట్‌లో ఉండే మా మేనత్తకు ఫోన్ చేసి, నాయనమ్మను కొన్నాళ్లు అక్కడ ఉంచుకోమన్నాను.

"ఎందుకు పంపిస్తున్నవ్ బిడ్డా?" అంది నాయనమ్మ మూట కట్టుకుంటూ.

"ఊరికే, మార్పు కోసం. కొంచెం రెస్టు."

"రెస్టు ఎవలకు?"

నేను వంగి ఆవిడ మూట ముడి బిగించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మంచిది. ఫోను మాత్రం దగ్గర పెట్టుకో" అని ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున్న ఉప్మా ప్లేట్ల ముందు నా రాజీనామా ప్రకటించాను.

"ఇవాళ్టి నుంచి మీ మాటలు నేను మొయ్యను. ఏదున్నా మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోండి. అదే ఆరోగ్యం."

నాన్న చెంచా ఆపాడు. "అరే వాసూ, మీ అమ్మకు చెప్పు, వీనికి జరమేమన్న వచ్చిందేమో చూడుమని."

"చూశాననీ, లేదనీ చెప్పు," అంది అమ్మ.

"చెప్పను!"

ఇద్దరూ ఒకేసారి తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరో తెలియని మనిషి ఎదురుగా కూర్చున్నట్టు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ ఉప్మాలోకి చూసుకున్నారు.

ఆ తరవాత కొన్నాళ్లు ఇంట్లో పిన్ను పడితే వినపడేది. చారు గురించి ఫిర్యాదు లేదు. ఫ్యాను ఎవరూ ముట్టుకోలేదు, అది మూడు మీదే దిక్కులేనిదానిలా తిరిగేది. "గోల సున్నా" అని నేను పొంగిపోయాను. తీగ తెగిపోయినా గోల సున్నాయే అన్న సంగతి సిలబస్‌లో తరవాతి చాప్టర్లో ఉంది. మేం ఇంకా అక్కడికి రాలేదు.

అప్పుడు తెనాలి నుంచి ఫోను వచ్చింది. మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఎల్లుండి గృహప్రవేశం, అందరూ రావాలి.

"రేపు పొద్దున్న బస్సుకు బయల్దేరాలి," అంది అమ్మ ఆ సాయంత్రం, గోడతో.

"రేపు ఎల్‌బీ నగర్ల రోడ్డు మీద వంటావార్పు ఉన్నది. బస్సులు నడువయ్," అన్నాడు నాన్న, ఫ్యానుతో. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండి కదలనివ్వకుండా నిరసన తెలపడం.

"మా వాళ్లింటికి అనేసరికి బస్సులు నడవవు. మీ చెల్లెలి ఇంటికైతే నడిచైనా వెళ్తారు."

"మీవోళ్లింటికి వస్తె ఏమైతది? ముద్ద నోట్లె పెట్టంగనే 'బావగారూ, మీ తెలంగాణ ఎందాకా వచ్చింది, సూర్యాపేట దాటిందా' అని అందరు నవ్వుతరు. నేను అన్నం తినాల్నా, జవాబు చెప్పాల్నా? నేను రాను."

పాత రోజుల్లో అయితే ఈ మాటను నేను గుమ్మం దాకా తీసుకెళ్లేసరికి, "నాన్నకు ఆఫీసులో పనుందట, అయినా చూస్తానన్నాడు" అయ్యేది. ఇప్పుడది ఏ వడపోతా లేకుండా, రాళ్లూ మట్టీ సహా, వచ్చి పడింది.

"ఒక్క పూట నవ్వితేనే మీకు ముద్ద దిగలేదా? ఇన్నేళ్లుగా మీ వాళ్లు నా మాటను వెక్కిరిస్తుంటే నేను అన్నం మానేశానా?"

సరిగ్గా అప్పుడు మోకాలు నొప్పి రావాలి. నేను చాప వైపు చూశాను. అమ్మా చూసింది. నాన్నా చూశాడు. చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది.

"అయితే నేనొక్కదాన్నే వెళ్తాను," అంది అమ్మ, మెల్లగా. "మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పలేను. మీరొచ్చి, మీ నోటితో మీరు పిలిస్తే అప్పుడు చూద్దాం."

"తమంతట తాము పోయినోళ్లు తమంతట తామే రావాలె."

సిగ్గుతో చెబుతున్నాను, నాకు మొదట కలిగింది ఆనందం. నేరుగా మాట్లాడుకున్నారు! మధ్యలో ఎవరూ లేరు! ఆ తరవాత వాళ్లు మాట్లాడుకున్నదేమిటో బుర్రకెక్కింది. అమ్మ అలాంటి మాట అంతకుముందు ఎన్నడూ అనలేదు.

పొద్దున్నే నాన్న టిఫిన్ తినకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు. అమ్మ బ్యాగు తీసింది.

"అమ్మా, నాన్నతో నేనొకసారి మాట్లాడి చూడనా?"

"నువ్వు రాజీనామా చేశావుగా."

రాజీనామా మాటలకే గాని సామాన్లకు కాదని చెప్పి బ్యాగు నేను అందుకున్నాను. రోకలీ రోలూ కలిపి పెట్టినంత బరువుంది. ఆటోవాడు కొత్తపేట దాకానే వస్తానన్నాడు. అక్కడినుంచి నడక. అమ్మ ముందు, బ్యాగు కింద నేను వెనక.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నాన్న చెప్పింది చెప్పినట్టు ఉంది. విజయవాడ వైపు రోడ్డంతా నిలిచిపోయిన బస్సులు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద గంగాళాలు, పొగ, పప్పుచారు వాసన. తెనాలి బస్సు ఒకటి వరసలో ముందే ఉంది గాని, దాని డ్రైవరు దిగి విస్తరి ముందు కూర్చున్నాడు. అమ్మ ఆ బస్సును చూసి, పొయ్యిని చూసి, రోడ్డు పక్కన ఎండలో బ్యాగు మీద కూర్చుంది.

పార్సిల్ ఆఫీసు షట్టరు దించి ఉంది. నాన్న టెంటు కింద, మిగతావాళ్లతో కలిసి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి, కత్తి పట్టుకునే కొంచెం దూరం వచ్చి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిగడ్డలే అయివుంటాయి.

నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. సిద్ధాంతం ముఖ్యం కదా. అప్పుడాయన వంట చూస్తున్న ముత్యాలక్క దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో మైకు.

"అక్కా, జర ఆ టీచరమ్మకు చెప్పు. ఎండల కూసోవద్దు, ఈడ టెంటు కింద నీడ ఉన్నదని."

ముత్యాలక్క మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"ఓ టీచరమ్మా! మీ ఇంటాయన పరేషాన్ అయితుండు! ఎండల కూసోవద్దట! టెంటు కిందికి రావాల్నట!"

స్తంభాలకు కట్టిన స్పీకర్లన్నీ ఒకేసారి ఈ మాట అన్నాయి. చౌరస్తా మొత్తం మా వైపు తిరిగింది. బస్సుల కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

అమ్మ మొహం కందగడ్డ అయింది. "ఆయన్ను అడగండి, నిన్న లేని నీడ ఇవాళ ఎక్కడినుంచి వచ్చిందో."

"అన్నా! నిన్న నువ్వు నీడ ఇయ్యలేదట! గిది న్యాయమేనా?" అంది మైకు.

"న్యాయం కాదు! న్యాయం కాదు!" అన్నారు కింద కూర్చున్నవాళ్లంతా పిడికిళ్లెత్తి. పాపం పొద్దుట్నుంచీ నినాదాలు ఇచ్చి ఇచ్చి అలవాటైపోయింది.

"నేనేం జేసిన? బస్సులు నడువయ్ అని చెప్తె నమ్మలేదు!" అన్నాడు నాన్న, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"నమ్మాలె!" అంది ముత్యాలక్క.

"నమ్మాలె! నమ్మాలె!"

తెనాలి బస్సు కిటికీలోంచి ఒకాయన భుజం దాకా బయటికొచ్చి, "అమ్మా, మీరేం తగ్గకండి! మేమంతా మీ వెనకున్నాం!" అన్నాడు. "గదెవడు రా మధ్యల?" అని ఇటునుంచి ఇద్దరు లేచారు. ఫ్యాను దగ్గర మొదలైన సంసారం నా చేతుల మీదుగా రెండు ప్రాంతాల సమస్య కాబోతోంది. వడపోత ఉండాల్సిన చోట నేను లౌడ్‌స్పీకర్ పెట్టించాను!

అమ్మ లేచింది. "ఇంక చాలు. నడిచైనా పోతాను," అని బ్యాగు లాక్కుని విజయవాడ రోడ్డు పట్టింది. నిజంగానే పట్టింది. నాన్న అడుగు ముందుకేశాడు, ఆగాడు, మళ్లీ వేశాడు. పిలవడానికి నోరు తెరిచాడు గాని మాట రాలేదు. ఆయనకు నేరుగా పిలవడం అలవాటు లేదు.

నేను నాయనమ్మకు ఫోన్ చేశాను.

"నాయనమ్మా, నీ మోకాలు..."

"మీరు ఏడ ఉన్నరో నాకెర్కే. మైకు ఇనవడుతున్నది."

"నువ్వెక్కడున్నావు?"

"నిన్న మీ నాయినతోని ఫోన్ల మాట్లాడిన. గొంతు మంచిగ లేదు. అందుకె పొద్దుగాల్నే ఎల్లిన. ఆటోలు లేవు. ఎన్కకు తిరుగు."

తిరిగాను. చీర ఎగదోపుకుని, మూట నెత్తిన పెట్టుకుని, ఆగిన లారీలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ మా నాయనమ్మ వస్తోంది. నడక అనకూడదు దాన్ని, కవాతు. ఒక కుర్ర కానిస్టేబులు ఆవిడకు దారివ్వడానికి పక్కకు గెంతాడు. బడంగ్‌పేట్ నుంచి అలాగే వచ్చిందన్నమాట. నన్ను చూడనట్టు దాటి, అమ్మను చేరుకుని, నాన్న కూడా చూస్తున్నాడని నిర్ధారించుకుని, మూట దించి, అమ్మ దారికి అడ్డంగా రోడ్డు మీద కూలబడింది.

"అయ్యో, నా మోకాలు!"

"అత్తయ్యా!" అని అమ్మ బ్యాగు వదిలేసింది. "అమ్మా!" అని నాన్న కత్తి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. చెరో రెక్కా పట్టుకున్నారు.

"గింత దూరం నడిచొస్తవా? బుద్ధి ఉన్నదా నీకు?"

"మీకెన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా? మాట వింటేనా?"

"ఇంటది కాదు, ఎన్నడు ఇన్నది గనుక!"

"అదే కదా నేననేది!"

ఒకే మాట, ఒకే కోపం. టెంటు కిందికి మోసుకొచ్చి పడుకోబెట్టారు. మైకు ఆగిపోయింది. ముత్యాలక్క స్వయంగా మంచినీళ్లు తెచ్చింది.

మోకాలికి కట్టడానికి గుడ్డ కోసం అమ్మ బ్యాగు జిప్పు లాగింది. పైనే, ఇస్త్రీ మడత చెడకుండా, నాన్న తెల్లచొక్కా, పంచె. దాని కింద ఆయన షేవింగు డబ్బా. ఎందుకంత బరువో నాకప్పుడు తెలిసింది.

నాన్న ఆ చొక్కాను చూశాడు. తరవాత, అమ్మను గాని నన్ను గాని చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"అరే వాసూ. మీ అమ్మనడుగు. నా అంగీ ఎందుకు సదిరింది?"

నేను సిద్ధాంతాన్ని నమిలి మింగేసి, "అమ్మా, చొక్కా ఎందుకు పెట్టావని అడుగుతున్నాడు" అన్నాను.

"తల కింద దిండుకు పనికొస్తుందని చెప్పు."

"నువ్వు వస్తవనే పెట్టిందంట నాన్నా."

అమ్మ అది తన మాట కాదనలేదు. నాన్న ఉల్లిగడ్డ కళ్లు మళ్లీ తుడుచుకున్నాడు.

"మీ అమ్మకు చెప్పు. వాళ్ల తమ్ముడు ఈసారి గూడ సూర్యాపేట అన్నడనుకో, నేను ఊకునేది లేదు."

"అమ్మా," అన్నాను, "నాన్న వస్తున్నాడు."

సాయంత్రం బస్సులు వదిలారు. ఈలోగా అందరం అక్కడే భోంచేశాం. పప్పుచారులో పులుపు చాలలేదని అమ్మ ముత్యాలక్కకు చెప్పింది, ఆవిడ మైకులో కాకుండా మామూలుగానే ఒప్పుకుంది. విస్తరి ముందు నాయనమ్మ పక్కన కూర్చుని చెవిలో అడిగాను.

"అంత దూరం నడిస్తే మోకాలు నొయ్యలేదా?"

"నడిస్తె నొయ్యది బిడ్డా," అంది ముద్ద కలుపుతూ. "వాళ్లిద్దరు నిలవడి కొట్లాడితెనె నొస్తది."

బస్సులో ముగ్గురు పట్టే సీటు దొరికింది. కిటికీ పక్కన అమ్మ, ఈ చివర నాన్న, మధ్యలో నేను. వెనక సీట్లో నాయనమ్మ. బస్సు హయత్‌నగర్ దాటగానే, "మీ అమ్మకు చెప్పు, కిటికీ మొత్తం తెరువుమని" అన్నాడు నాన్న. "సగమే తెరుస్తానని చెప్పు," అంది అమ్మ. చెప్పాను. అంత శ్రద్ధగా నేను ఏ వైవాకూ జవాబు చెప్పలేదు.

కనుక, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నడుస్తున్న సంసారాన్ని ఇకమీద మూత తీసి చూడను. చప్పుడు చేస్తున్న భాగం చెడిపోయిన భాగమని అనుకోను. ఏ ముసలామె మోకాలినీ శంకించను. మధ్యలో వేలాడుతున్న వైరు నేనే అయినప్పుడు నన్ను నేను పీక్కోను.

అన్నట్టు, ఇదంతా రాసి మొదట మా ఆవిడకే ఇచ్చాను. నిన్న ఫ్యాను దగ్గర మా ఇద్దరికీ చిన్న మాటా మాటా వచ్చింది లెండి. చదివి ఏమందో నాకు సరిగ్గా తెలియదు. అమ్మతో చెప్పి పంపింది. అమ్మ వచ్చి, "బాగుందటరా" అంది.